బండ్లు గుంజుకొచ్చే పని మానేసి నర్సునయ్యాను

"అన్నా, నువ్వు వసూలుకు వచ్చినట్టు అడుగుతున్నవ్."

ఈ మాట అన్నది మా సీనియర్ సిస్టర్. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు రోజులు. కొత్తగా అడ్మిట్ అయిన ఒక ముసలాయన మంచం పక్కన నిలబడి, "బీపీ గోలీ నిన్న ఏసుకున్నవా లేదా? సరిగ్గ చెప్పు" అని అడుగుతున్నాను. ఆయన నా మొహం చూడకుండా కొడుకు మొహం చూస్తూ "ఏసుకున్న సారూ, ఏసుకున్న" అంటున్నాడు. వేసుకోలేదని నాకు తెలిసిపోయింది. ఎనిమిదేళ్ళు నేను చేసింది అదే మరి. "సోమారం కడ్త సారూ" అనే మాటలో నిజమెంత, అబద్ధమెంత అని తూకం వేసే పని.

సిస్టర్‌కు నా పాత ఉద్యోగం సంగతి తెలియదు, నోటికొచ్చి అన్న మాట. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఆమె ముసలాయన మంచం మీద కూర్చుని, బీపీ పట్టీ చుడుతూ, "తాతా, గోలీలు అయిపోయినయా, తెచ్చుకోను పోలేదా?" అని అడిగింది. "అయిపోయి పది రోజులైంది బిడ్డా" అన్నాడాయన, వెంటనే.

మాది కోయిలకొండ మండలంలో ఒక ఊరు. 2009లో ఇంటర్ బైపీసీ, తర్వాత మహబూబ్‌నగర్‌లో డిగ్రీ. 2012లో బైకులకు అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పనికి చేరాను. ఒక కిస్తు తప్పితే ఫస్ట్ బకెట్, రెండు తప్పితే సెకండ్ బకెట్. మూడు దాటితే బండి సీజ్ చేసి యార్డులో పెట్టాలి. కోయిలకొండ, దేవరకద్ర, ధన్వాడ, మరికల్, మద్దూరు వైపు నేను తిరగని ఊరు లేదు. ముంబైకి, పుణెకు పనికి పోయి పంపిన పైసలతో డౌన్‌పేమెంట్ కట్టిన బండ్లు ఎక్కువ మా వైపు. వానలు లేని ఏడు కిస్తులు ఆగేవి. నా బండి చప్పుడు ఊరి మొదట్లో వినగానే చివరింటి తలుపు మూసుకునేది. చిన్నపిల్లలకు కూడా "నాయిన లేడు" అని చెప్పడం నేర్పి పెట్టేవాళ్ళు. నేను చెడ్డవాణ్ణని అనుకోలేదు. నాకూ టార్గెట్ ఉండేది, నెలాఖరుకు మేనేజర్ ఫోన్ ఉండేది.

2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు కిస్తుల మీద మారటోరియం ప్రకటించింది. మొదట మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 వరకు పొడిగించారు. వడ్డీ ఆగలేదు గానీ వసూళ్ళు ఆగాయి. మాకు జీతం తక్కువ, కమీషన్ ఎక్కువ కాబట్టి ఇల్లు గడవడమూ ఆగింది. నా భార్య ఆశా కార్యకర్త. ఆ లాక్‌డౌన్‌లో ఆమెకు మాత్రం తీరిక లేదు. ఇంటింటి సర్వే, ముంబై నుంచి తిరిగొచ్చిన వాళ్ళ పేర్లు రాయడం, జ్వరాలు చూడడం. ఖాళీగా ఉన్నాను కదా అని బండి మీద ఆమెను ఊళ్ళకు తిప్పాను. నేను గల్లీ మొదట్లో బండి మీదే ఉండేవాణ్ణి, ఆమె పోయి తలుపు కొట్టేది. నేను ఏడాదిపాటు కొట్టినా తెరుచుకోని తలుపు ఒకటి, ఆమె ఒక్కసారి "అక్కా" అని పిలవగానే తెరుచుకుంది. లోపలి మనిషి ఆమెకు మంచినీళ్ళిచ్చింది. నన్ను చూసి మళ్ళీ సగం మూసింది.

జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు చెయ్యమని మొదట చెప్పింది నా భార్యతో కలిసి పనిచేసే ఏఎన్ఎం అమ్మ, అంటే ఊరి నర్సు. "బైపీసీ చదివినవంటివి కదా, ముప్ఫై అయిదేళ్ళ దాక తీసుకుంటరు. ఇంటర్‌ల నలభై శాతముంటె చాలు" అంది. నవ్వాను. మగోడు నర్సేంది అనుకున్నాను. వారం రోజులు అదే నవ్వు, ఎనిమిదో రోజు మార్కుల మెమో వెతికాను. మా నాయనకు చెప్తే, "సూదులేసుకుంట తిరిగే కంపౌండర్ పనికి మూడేండ్లు సదువుడా?" అన్నాడు. మా ఊళ్ళో ఇప్పటికీ నేను కంపౌండర్‌నే. కొందరు డాక్టర్ అని కూడా పిలుస్తారు, అది ఇంకా కష్టం.

2021లో ఒక ప్రైవేటు కాలేజీలో సీటు. ఫీజుకు రెండు బర్రెలు అమ్మాం. క్లాసులో దాదాపు అందరూ అమ్మాయిలే, పద్దెనిమిది పందొమ్మిదేళ్ళ వాళ్ళు. మగపిల్లలు ఆరుగురు, వాళ్ళందరికీ నేను అన్న. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, సైకాలజీ, ఫండమెంటల్స్. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో. తొమ్మిదేళ్ళ తర్వాత పుస్తకం పడితే అక్షరాలు చీమల్లా కనిపించాయి. రాత్రి నా కూతురు ఎక్కాలు రాసుకుంటుంటే పక్కన నేను ఎముకల పేర్లు రాసుకునేవాణ్ణి. మూడేళ్ళ చదువు గురించి చెప్పడానికి ఇంతకన్నా ఎక్కువ లేదు, చదివినవాళ్ళందరిదీ ఒకటే కథ.

ట్రైనింగ్ పోస్టింగులు మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో. 2016లో మెడికల్ కాలేజీ రాకముందు మేమందరం జిల్లా ఆసుపత్రి అన్నది అదే. అక్కడ మొదట నేర్పింది పక్క వేయడం. నవ్వకండి, దుప్పటి మూలను కవరు మడతలా మడిచి పరుపు కింద దోపాలి, ఎక్కడా ముడత ఉండకూడదు. ముడత పడితే ఏమవుతుందని నేనూ అనుకున్నాను. కదలలేని మనిషి వీపు కింద ఆ ఒక్క ముడతే పుండవుతుందని, నడుము దగ్గర అట్లా పుండు పడిన ఒకాయన్ను చూసినప్పుడు గానీ అర్థం కాలేదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఆయన్ను తిప్పడానికి నన్నే పిలిచేవాళ్ళు, మగవాణ్ణి, బలముంటుంది కదా అని. వార్డులో బ్రదర్‌కు పడే మొదటి పని మొయ్యడం. రెండోది తాగొచ్చిన అటెండెంట్లను సముదాయించడం. ఈ రెండోదానికి నా పాత అనుభవం బాగానే అక్కరకొచ్చింది.

పాసయ్యాక రిజిస్ట్రేషన్. తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైతే తప్ప నర్సుగా పనిచేయకూడదు. దాంతోపాటు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్ళిచ్చే జాతీయ గుర్తింపు నంబరు కూడా తీసుకోవాలి. సర్టిఫికెట్లు, ఆధార్, వేలిముద్రలు, హైదరాబాద్ బస్సులు. నా రిజిస్ట్రేషన్ చేతికొచ్చేలోపే 2,322 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పరీక్ష అయిపోయింది, 2024 నవంబర్ 23న. పరీక్ష 80 మార్కులకు, మిగతా 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కింద పనిచేసిన వాళ్ళకు వెయిటేజీ. కొత్తగా వచ్చిన నాలాంటివాడికి ఆ 20 ఎట్లాగూ సున్నానే.

సరే, ప్రైవేటు. 2025 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్‌లోనే ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. పేరు వద్దు. జీతం 13 వేలు, పన్నెండు గంటల డ్యూటీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో. సుప్రీంకోర్టు చెప్పడంతో కేంద్రం వేసిన కమిటీ 2016లో ఒక లెక్క చెప్పింది. యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20 వేలకు తగ్గకూడదని సిఫారసు. మా క్లాసులో దీన్ని పరీక్షకు చదివాం. జీతాల రోజు మాత్రం ఎవరూ గుర్తు చేయరు. కలెక్షన్ పనిలో మంచి నెలల్లో నాకు ఇరవై అయిదు వేలు వచ్చేవి. నా భార్య ఈ లెక్క ఎప్పుడూ ఎత్తలేదు, మా నాయన మాత్రం నెలనెలా ఎత్తుతాడు.

చదువు వేరు, చెయ్యి వేరు. కాలేజీలో రబ్బరు చేతికి కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, పెట్టాను; పోస్టింగుల్లో సిస్టర్లు పక్కన ఉండగా పెట్టాను. ఒంటరిగా మొదటిసారి పెట్టాల్సి వచ్చింది ఒక మేస్త్రీ చేతికి. వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీళ్ళు ఇంకిపోయి ఉన్నాడు. తాళ్ళలాంటి నరాలు పైకే కనిపిస్తున్నాయి. ఇంత సులువా అనుకున్నాను. పైకి తేలిన నరం జారుతుందని నాకెవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే నేను వినలేదు. సూది గుచ్చగానే నరం పక్కకు తప్పుకుంది. చర్మం కింద సూది కొనతో వెతికాను, అది చేయకూడని పని. ఆయన పళ్ళు బిగబట్టి "కానీ సారూ" అన్నాడు. రెండోసారి రక్తం వచ్చింది, సంబరపడి మొత్తం లోపలికి తోశాను. నరం అవతలి గోడ చీల్చుకుని పోయింది. అయిదు నిమిషాల్లో చేతి మీద కోడిగుడ్డంత ఉబ్బు.

మూడోసారికి సిద్ధమవుతుంటే సిస్టర్ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "రెండే సార్లు అన్నా. రెండుసార్లకు రాకుంటె ఇంకొకర్ని పిలువు. నీ పట్టుదల ఆయన చేతి మీద చూపియ్యకు." ఆ తర్వాత ఆమె చేసింది చూశాను. నరం ఉబ్బేట్టు చేతికి టోర్నికే పట్టీ బిగించి, చేతిని మంచం కిందికి వేలాడదీసింది. నరం మీద వేలు పెట్టి నొక్కి వదిలింది, కళ్ళతో కాదు, వేలితో చూసింది. ఎడమ బొటనవేలితో నరం కింద చర్మాన్ని గట్టిగా కిందికి లాగి పట్టింది, ఇక జారడానికి తావు లేదు. సూది మొన చీలిక పైకి ఉండేట్టు ఏటవాలుగా గుచ్చింది. సూది వెనకున్న చిన్న గదిలో రక్తం చుక్క మెరవగానే ఆగింది. అక్కడే కిటుకు. సూదిని ఇంకొంచెం పడుకోబెట్టి, సూది ఆపి, ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రమే ముందుకు జరిపింది. రక్తం వచ్చింది కదా అని తోస్తే గోడ చీలుతుంది, తొందరపడి సూది లాగితే బయటికొస్తుంది. మధ్యలో ఉన్న ఆ వెంట్రుకవాసి దూరం నాకు అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. సూది వెనక్కి తీసి మూత పెట్టకుండా తెల్ల డబ్బాలో వేసింది. మొత్తం నిమిషం. మేస్త్రీ నా వైపు చూసి, "కొత్తనా సారూ? మాక్కూడా మొదట్ల ఇటుక వంకరే వోతది" అన్నాడు.

కాన్యులా రంగులు, చుక్కల లెక్కలు నాకు తొందరగా వచ్చాయి. గులాబీ రంగు ఇరవై, నీలం ఇరవై రెండు, ఆకుపచ్చ పద్దెనిమిది. అరలీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో పోవాలంటే, మామూలు సెట్టులో మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు కాబట్టి నిమిషానికి ఇరవై ఒక్క చుక్కలు. లెక్కల్లో మేం పక్కా. డ్యూటీ దిగేటప్పుడు మందులు, ఇంజెక్షన్లు లెక్క అప్పజెప్పడం కూడా సాయంత్రం క్యాష్ టాలీ చేసినట్టే. అందుకే లెక్క దగ్గరే దెబ్బ తిన్నాను.

ఏప్రిల్‌లో ఒక రాత్రి. షుగర్ పేషెంటు, కాలికి పుండు, రాత్రి భోజనానికి ముందు ఇరవై యూనిట్ల ఇన్సులిన్. ట్రేలో సీసా, సిరంజి పెట్టుకుని పోయాను. సిరంజి మీద ఇరవై గీత వరకు లాగాను, బుడగలు తీశాను, అంతా సరిగ్గానే ఉంది. మంచం పక్కన కింద కూర్చున్న ఆయన భార్య తలెత్తి చూసింది. "రోజు ఎర్ర మూతది తెస్తరు సారూ. ఇది వేరే ఉన్నది."

నా మొదటి ఆలోచన ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "ఏదైతేంది పెద్దమ్మా, అన్నీ ఒకటే" అనబోయాను. నోటి దాకా వచ్చింది. ఎందుకో ఆగి సిరంజి దీపం కింద పెట్టి చూశాను. ఆమె అన్నట్టే నాది నారింజ మూత. సీసా మీద మిల్లీలీటరుకు నలభై యూనిట్లు అని ఉంది. నారింజ మూత సిరంజి మిల్లీలీటరుకు వంద యూనిట్ల ఇన్సులిన్ కోసం చేసింది. దానిలో ఇరవై గీత అంటే నలభై సీసాలోంచి వచ్చేది ఎనిమిది యూనిట్లే. ఇది తక్కువ పడేది, ఆ రాత్రికి షుగర్ పెరిగి ఊరుకునేది. అదే తిరగేసి జరిగితే, వంద సీసాకు ఎర్ర మూత సిరంజి వాడితే, ఇరవై బదులు యాభై ఎక్కుతుంది. అర్ధరాత్రి షుగర్ పడిపోయి మనిషి నిద్రలోనే ఉన్నాడనుకుంటాం. ఎర్ర, నారింజ మూతలు రెండూ ఒకే డబ్బాలో కలిపి పెట్టారు స్టోరులో. కలిపిన వాళ్ళ తప్పు వాళ్ళది, చూడకుండా తీసింది నేను.

పాత ఉద్యోగంలో ఇలాంటిది జరిగితే రసీదు చింపేసి కొత్తది రాసేవాణ్ణి. ఇక్కడ కూడా సిరంజి మార్చేసి, ఇచ్చేసి, నోరు మూసుకోవచ్చు. కాలు సిస్టర్ల గది వైపు నడవడానికి కాసేపు మొరాయించింది. పోయి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె లేచి ఆ డబ్బా మొత్తం టేబుల్ మీద బోర్లించి, "పట్టు, వేరు చేద్దాం" అంది. పన్నెండింటి దాకా మూతలు వేరు చేస్తూ కూర్చున్నాం. మధ్యలో, "ఆ అమ్మకు చదువొచ్చా?" అని అడిగింది. రాదన్నాను. "రంగు చూసింది. నువ్వు గీత చూసినవ్" అంది.

మరుసటి రోజు నుంచి ఇన్సులిన్ ఇచ్చే ముందు పేషెంటునే అడుగుతున్నాను. రోజూ ఎంత ఇస్తరు, ఏ సూదితో ఇస్తరు, పొట్టకా చేతికా, తిన్నారా? కొందరు విసుక్కుంటారు. "నీకు తెల్వదా సారూ?" అంటారు. తెలిసినా అడుగుతాను.

ఈలోపు నా పాత పని సంగతి బిల్లింగ్ కౌంటర్‌కు చేరింది. ఎవరు చెప్పారో తెలియదు, పాలమూరులో ఏదీ దాగదు. ఒకరోజు మేనేజర్ పిలిచి, "మీకు అలవాటే కదా, ఏడో నంబరు వాళ్ళు బ్యాలెన్స్ కట్టుత లేరు, ఒకసారి గట్టిగ మాట్లాడండి" అన్నాడు. నేను నర్సును సార్ అనాలి. అనలేదు. ఏడో నంబరు దగ్గరికి పోయాను. ఆ గొంతు ఎక్కడ దాక్కుందో గానీ చక్కగా బయటికొచ్చింది. "ఎప్పుడు కడ్తరు? రేపు అంటె ఎన్నింటికి?" పేషెంటు పక్కనున్న అబ్బాయి ఫోన్ తీసి నా ముందే ఎవరికో చేసి బతిమాలుకున్నాడు. సాయంత్రానికి డబ్బు కట్టాడు. మేనేజర్ శెభాష్ అన్నాడు.

రాత్రి ఎనిమిదికి అదే ఏడో నంబరు మంచానికి యాంటీబయాటిక్ ఇవ్వడానికి పోయాను. పేషెంటు ఆపరేషనైన మనిషి. నొప్పి ఎట్లుంది అని అడిగాను. "మంచిగుంది సార్" అన్నాడు. జ్వరముందా? "లేదు సార్." మూత్రం వస్తోందా? "వస్తుంది సార్." నోరు పొడిగా ఉంది, దుప్పటి పట్టుకున్న వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. ఆయనకు నొప్పి ఉంది. నాకు చెప్పడు. చెప్తే ఇంకో ఇంజెక్షన్, ఇంకో బిల్లు. నేను వసూలుకు వచ్చినవాణ్ణి, ఆయన తలుపు మూసేశాడు. సిస్టర్‌ను పంపాను. ఆమెకు చెప్పాడు, నాలుగు గంటల నుంచి నొప్పి అని.

పొద్దున మేనేజర్ దగ్గరికి పోయి ఇక ఆ పని నాకు చెప్పొద్దన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఆ నెల నాకు నైట్ డ్యూటీలు ఎక్కువ పడ్డాయి. రెండింటికీ సంబంధం ఉందో లేదో మీరే అనుకోండి.

అట్లా వరసగా పడ్డ నైట్లలోనే మొన్న ఆగస్టులో ఒక రాత్రి, ఎనిమిదిన్నర కాకముందే ఒక బండి వచ్చి క్యాజువాలిటీ ముందు ఆగింది. వెనక ఇద్దరి మధ్య ఒక ఆడమనిషి. "పురుగు ముట్టింది" అంటున్నారు. మా వైపు రాత్రిపూట పాము పేరు ఎత్తరు. పత్తి చేనులో కలుపు తీసి వస్తుంటే గట్టు మీద కాలిమడమ దగ్గర కరిచింది. మోకాలి కింద తువ్వాలతో గట్టిగా కట్టు కట్టారు, పాదం ఉబ్బి నల్లబారుతోంది. కట్టు విప్పబోయాను, డ్యూటీ డాక్టర్ ఆపాడు. ముందు లైను పెట్టు, మందు దగ్గర పెట్టుకో, అప్పుడు మెల్లగా విప్పుదాం అన్నాడు. ఆకుపచ్చ కాన్యులా, మొదటిసారికే పడింది. రక్తం రెండు మిల్లీలీటర్లు పొడి గాజు గొట్టంలో తీసి నిలబెట్టాం. ప్లాస్టిక్‌లో చేయకూడదు, సబ్బుతో కడిగిన గొట్టం కూడా పనికిరాదు. ఇరవై నిమిషాలు ఎవరూ కదిలించకూడదు. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టి ఉండాలి, లేకుంటే విషం ఎక్కినట్టే.

నీళ్ళలా జారింది. డాక్టర్ "రక్తపింజర అయ్యుంటది" అన్నాడు. పది వయల్స్. పాము విషానికి విరుగుడు పొడి రూపంలో వస్తుంది. ఒక్కోదానిలో నీళ్ళు పోసి కలపాలి, ఊపితే నురగ వస్తుంది, అందుకే రెండు అరచేతుల మధ్య పెట్టి కవ్వం తిప్పినట్టు మెల్లగా తిప్పాలి. తొందరంతా తలలో, చేతులు మాత్రం నెమ్మదిగా. పదీ కలిపి సెలైన్‌లో వేసి గంటలో ఎక్కించాలి. మందు గుర్రం రక్తం నుంచి చేసింది కాబట్టి కొందరికి పడదు. అడ్రినలిన్ సిరంజిలో నింపి పక్కన పెట్టుకుని, ఒంటి మీద దద్దుర్లు, దురద, ఆయాసం వస్తున్నాయా అని ఆమె మొహం చూస్తూ కూర్చోవడమే. తొమ్మిదికి మొదలుపెట్టాం. పది దాటింది. ఏమీ కాలేదు. చిగుళ్ళ నుంచి వచ్చే రక్తం కూడా తగ్గింది.

ఆమె భర్తను చూడగానే గుర్తుపట్టాను. నా మాస్కు నన్ను కాపాడింది. 2019లో వాళ్ళ ఊరి కిరాణా కొట్టు ముందు ఆయన బండి సీజ్ చేశాను. పెట్రోలు ట్యాంకు మీద నాలుగేళ్ళ పిల్లవాడు కూర్చుని ఉన్నాడు, చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు. నేనే చంకలో చేతులు పెట్టి కిందికి దింపాను. ప్యాకెట్టు పడిపోతే తీసిచ్చాను కూడా. అప్పుడది మర్యాద అనుకున్నాను.

ఆరు గంటల తర్వాత మళ్ళీ పరీక్ష చేయాలి. తెల్లవారుజామున మూడు దాటి అయిదు నిమిషాలకు రక్తం తీసి గొట్టం స్టాండులో పెట్టాను. గడియారం ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. కాసేపటికి అడిగాడు.

"నువ్వు ఫైనాన్స్ సార్‌వి కదా?"

మాస్కు కిందికి లాగాను. "అవునన్నా."

"ఎనిమిదింటికే తెల్సింది. గొంతు ఇని అనుకున్న." మళ్ళీ కొంచెంసేపు ఏమీ అనలేదు. "ఆ బండి అమ్మేసిండ్రా? ఇంక యాడనన్న ఉన్నదా?"

"యాలంల పోయిందన్నా. ఎవరు కొన్నరో తెల్వదు."

"మా పిలగాడు బండి నంబరు ఇప్పటికి అప్పజెప్తడు" అన్నాడు. కోపంగా కాదు, చెప్తున్నాడంతే.

నాకు తోచిన మాట ఏదీ బయటికి రాలేదు. మూడూ ఇరవై ఒకటి. ఇంకా నాలుగు నిమిషాలు ఉందన్నాను. ఆయన లేచి వచ్చి స్టాండు పక్కన నిలబడ్డాడు. ముట్టుకోవద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాను, ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇద్దరం ఆ గొట్టాన్నే చూస్తూ నిలబడ్డాం. మూడూ ఇరవై అయిదుకు తీసి మెల్లగా వంచాను. రక్తం కదల్లేదు. ఇంకొంచెం, పూర్తిగా పక్కకు వంచాను. జున్నుముక్కలా గొట్టానికి అతుక్కునే ఉంది.

"మంచిదేనా?"

"మంచిదే."

కేస్ షీటులో టైము రాసి డాక్టర్‌కు ఫోన్ చేశాను. మంచం దగ్గరికి పోయి కాలి వాపు కొలతతో చూశాను, యూరిన్ బ్యాగు చూశాను. ఆమె కళ్ళు తెరిచే ఉంది. మంట తగ్గిందా అక్కా, ఏమన్న ఇబ్బందిగ ఉన్నదా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపి, తలుపు వైపు చూసి, రాత్రి నుంచి ఈయన ఏమన్న తిన్నడా అని నన్ను అడిగింది. తెలియదన్నాను. అడిగి వస్తానని బయటికి పోయాను.